కలలో ఉన్నామని కలలోనే తెలిస్తే

నిద్రలో ఒళ్లంతా కదలకుండా పడి ఉన్నా కళ్లు మాత్రం రెప్పల కింద అటూ ఇటూ కదులుతుంటాయి. నిద్రపోతున్న పసిపిల్లల మొహం కాసేపు చూస్తే ఈ సంగతి ఎవరికైనా కనిపిస్తుంది. లూసిడ్ డ్రీమింగ్ నిజమా, కట్టుకథా అన్న వాదన చాలా ఏళ్లు నడిచి, చివరికి తేలింది ఈ కళ్ల దగ్గరే.

లూసిడ్ డ్రీమింగ్ అంటే కల నడుస్తుండగానే 'ఇది కల' అని తెలిసిపోవడం. ఆ మాట తెలిసినా మెలకువ రాదు, కల సాగుతూనే ఉంటుంది. మన మాటల్లో చెప్పాలంటే ఎరుకతో కనే కల. ఇక్కడే చాలామంది రెండు విషయాలను కలిపేస్తుంటారు. కల అని తెలియడం ఒకటి, ఆ కలను మనకు నచ్చినట్టు నడిపించడం ఇంకొకటి. మొదటిది ఉంటే రెండోది కూడా ఉండాలని ఏమీ లేదు. 'లూసిడ్ డ్రీమ్' అన్న పేరును వాడుకలోకి తెచ్చిన డచ్ మానసిక వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్‌కు ఈ తేడా బాగా తెలుసు. ఆయన ఏళ్ల తరబడి తన కలలను డైరీలో రాసుకుని, 1913లో ఒక వ్యాసంగా ప్రచురించాడు. 1898 నుంచి 1912 వరకు తనకు వచ్చిన ఎరుక కలలు 352 అని లెక్క చెప్పాడు. వాటిలో ఒకదానిలో, ఇది కలే కదా అని పరీక్షించడానికి ఒక గాజు గ్లాసును పగలగొట్టబోయాడు. ఎంత గట్టిగా కొట్టినా గ్లాసు చెక్కు చెదరలేదు. కాసేపయ్యాక అటు చూస్తే అది పగిలి ఉంది. తన వంతు వచ్చినప్పుడు మాట మరిచిపోయి ఆలస్యంగా అందుకున్న నటుడిలా, ఆ గ్లాసు కొంచెం లేటుగా పగిలిందని ఆయన రాసుకున్నాడు. కల అని ఆయనకు తెలుసు. కానీ కల ఆయన చెప్పినట్టు వినలేదు.

ఇలాంటి అనుభవం కొత్తదేమీ కాదు. నిద్రలో ఉన్నవాడికి కూడా లోపల ఏదో ఒకటి 'ఇది కలే' అని చెబుతుంటుందని అరిస్టాటిల్ ఎప్పుడో రాశాడు. టిబెటన్ బౌద్ధంలో స్వప్నయోగం పేరుతో దీనికి ఒక సాధనా మార్గమే ఉంది. 1867లో ఫ్రెంచ్ పండితుడు ఎర్వే ద సాన్ దెనీ తన కలలను తాను ఎలా నడిపించుకున్నాడో ఒక పుస్తకంలో వివరించాడు. అనుభవం ఉన్నవాళ్లకు ఎప్పుడూ సందేహం లేదు. వచ్చిన చిక్కల్లా లేనివాళ్లతోనే. వాళ్ల సందేహం మొండితనంతో వచ్చింది కాదు, దానికి బలమైన కారణమే ఉంది.

కలకు సాక్షి ఒక్కరే. ఆ సాక్షి కూడా నిద్ర లేచాకే మాట్లాడగలడు. రాత్రి నాకు కల అని తెలిసింది అని ఎవరైనా పొద్దున్న చెబితే, ఆ తెలియడం కలలో జరిగిందా, లేస్తూ లేస్తూ తర్వాత అతికించుకున్నదా అని ఎలా తేల్చడం? మధ్యలో క్షణం పాటు మెలకువ వచ్చి మళ్లీ నిద్రలోకి జారి ఉండొచ్చు కదా? అమెరికన్ తత్వవేత్త నార్మన్ మాల్కమ్ 1959లో ఇంకో అడుగు ముందుకు వేశాడు. 'నేను నిద్రలో ఉన్నాను' అన్న వాక్యానికే అర్థం లేదన్నాడు. అది అనగలిగినవాడు నిద్రలో లేడు, నిద్రలో ఉన్నవాడు అనలేడు. తర్కం చూస్తే ఎదురు చెప్పడానికి వీల్లేనట్టే అనిపిస్తుంది. దీన్ని తోసిపుచ్చాలంటే ఇంకో తర్కం చాలదు. నిద్రలో ఉన్న మనిషే నిద్రలోంచి బయటికి ఒక కబురు పంపాలి.

నిద్రలోంచి వచ్చిన సంకేతం

ఆ కబురుకు దారి 1953లోనే దొరికింది. షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ రెమ్ నిద్రను గుర్తించారు. సుమారు 90 నిమిషాలకొకసారి నిద్ర స్వభావం మారుతుంది. మెదడు దాదాపు మెలకువలో ఉన్నంత చురుగ్గా పనిచేస్తుంది, కళ్లు వేగంగా కదులుతాయి, గుర్తుండే కలల్లో ఎక్కువ భాగం అప్పుడే వస్తాయి. అదే సమయంలో మెదడు కాండం నుంచి వచ్చే ఆదేశాలు ఒంట్లోని కండరాలను వదులు చేసి పడేస్తాయి. కలలో పరిగెత్తినా మంచం మీద కాళ్లు ఆడకపోవడానికి కారణం ఇదే. ఈ కట్టడి నుంచి తప్పించుకునేవి ముఖ్యంగా రెండు: ఊపిరి, కళ్లు.

ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ అనే పరిశోధకుడికి తట్టింది ఇదే. నోరు విప్పలేడు, చెయ్యి కదపలేడు, కానీ కల కంటున్నవాడు చూపు తిప్పగలడు. కలలో ఎడమవైపు చూస్తే మంచం మీద ఉన్న అసలు కన్ను కూడా ఎడమకే తిరుగుతుంది. కాబట్టి కల అని తెలిసిన వెంటనే ముందుగా అనుకున్న లెక్క ప్రకారం ఎడమకు, కుడికి, ఎడమకు, కుడికి చూడమని చెప్పాడు. ఎరుక కలలు తరచుగా వచ్చే ఆలన్ వోర్స్‌లీ ఇందుకు ముందుకొచ్చాడు. కనుగుడ్డు ముందు భాగానికీ వెనకున్న రెటీనాకూ మధ్య చిన్నపాటి విద్యుత్ తేడా ఉంటుంది. కళ్ల పక్కన ఎలక్ట్రోడ్లు అంటిస్తే, చూపు ఎటు తిరిగిందో యంత్రం గీతగా చూపిస్తుంది. మామూలు రెమ్ నిద్రలో ఆ గీత చిందరవందరగా ఉంటుంది. 1975 ఏప్రిల్ 12న ఆ చిందరవందర మధ్యలో ఒక వరుస కనబడింది. ఎడమ, కుడి, ఎడమ, కుడి అంటూ దువ్వెన పళ్లలా సమంగా వచ్చిన పెద్ద పెద్ద ఊపులు. మెదడు తరంగాలూ, కండరాల గీతా రెండూ వోర్స్‌లీ రెమ్ నిద్రలోనే ఉన్నాడని చెబుతున్నాయి. లేచాక అతను చెప్పిన కలతో ఆ సంకేతం సరిపోయింది.

హెర్న్ ఫలితం అప్పట్లో పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. అదే ఆలోచన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్‌కు విడిగా వచ్చింది. తన కలలనే రుజువుగా పెట్టుకుని, మరికొందరిని కూడా కలుపుకుని ప్రయోగాలు చేశాడు. పేరున్న పత్రికలు ఆ వ్యాసాన్ని తిప్పి పంపాయి. చివరికి 1981లో అది అచ్చయింది. ఆ తర్వాత ప్రపంచంలో చాలా ల్యాబుల్లో ఇదే పరీక్ష మళ్లీ మళ్లీ నిలబడింది. మాల్కమ్ అసాధ్యమన్న వాక్యాన్ని నిద్రలో ఉన్న మనుషులు కళ్లతో పలికారు.

క్షణికమైన మెలకువ అన్న అభ్యంతరం అంత తేలిగ్గా పోలేదు. పోకపోవడమే మంచిదైంది, ఎందుకంటే దాన్ని ఎదుర్కోవడానికే ఈ రంగంలో మంచి ప్రయోగాలు పుట్టాయి. ఎరుక ఉన్న రెమ్ నిద్రలో వెన్నుపాము ప్రతిచర్యలు మామూలు రెమ్ నిద్రలో లాగే అణిగి ఉన్నాయని 1989లో ఒక పరీక్ష చూపించింది. కలలో ఊపిరి బిగపడతామని ముందే చెప్పి పడుకున్నవాళ్లు సంకేతం ఇచ్చి బిగపడితే, గీతలో నిజంగానే ఊపిరి ఆగింది. అన్నిటికన్నా అందమైనది 2018లో లాబెర్జ్, బెంజమిన్ బేర్డ్, ఫిలిప్ జింబార్డో ప్రచురించిన ప్రయోగం. అది ఎవరైనా సగం ఇంట్లోనే చేసి చూడొచ్చు. వేలు చాపి నెమ్మదిగా ఎడమ నుంచి కుడికి కదిపి దాన్నే చూస్తే, చూపు నూనె మీద జారినట్టు సాఫీగా వెళ్తుంది. కళ్లు మూసుకుని అదే వేలు కదులుతున్నట్టు ఊహించుకుంటే, ఎంత ప్రయత్నించినా చూపు సాఫీగా వెళ్లదు, గెంతుతూ గెంతుతూ వెళ్తుంది. ఊహకు అది చేతకాదు. ఎరుక కలలో కలలోని వేలిని చూసినవాళ్ల కళ్లు మాత్రం సాఫీగానే కదిలాయి, మెలకువలో నిజం వేలిని చూసినట్టు. పడుకుని ఊహించుకుని సంకేతం ఇచ్చేస్తున్నారన్న వాదనకు ఇంతకన్నా గట్టి జవాబు ఉండదు.

2021 నాటికి సంకేతం సంభాషణ అయింది. అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్‌లోని నాలుగు బృందాలు కలిసి 36 మందితో చేసిన పరిశోధన అది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ల్యాబులో 19 ఏళ్ల యువకుడు నిద్రలో కళ్లతో సంకేతం ఇచ్చాడు. అంటే కల అని అతనికి తెలిసింది. పరిశోధకులు మెల్లగా 'ఎనిమిదిలోంచి ఆరు పోతే?' అని అడిగారు. కళ్లు రెండు సార్లు ఎడమకూ కుడికీ తిరిగాయి. ఫ్రాన్స్‌లో నార్కొలెప్సీ (పగలు కూడా ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోయే జబ్బు) ఉన్న ఇంకో యువకుడు మొహం కండరాలను చిన్నగా బిగించి అవును, కాదు అని జవాబులిచ్చాడు. బయటి నుంచి వచ్చిన గొంతు కొందరికి కలలోని రేడియోలోంచి వస్తున్నట్టు వినిపించింది.

ఈ పరిశోధన గురించి చెప్పేటప్పుడు మిగతా అంకెలు కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మొత్తం 158 సార్లు ప్రశ్న అడిగితే సరైన జవాబు వచ్చింది 18.4 శాతం సార్లు. తప్పు జవాబులు 3.2 శాతం. తేల్చి చెప్పలేనివి 17.7 శాతం. మిగిలిన 60 శాతానికి పైగా జవాబే లేదు. తప్పుల కన్నా ఒప్పులు అన్ని రెట్లు ఎక్కువ ఉన్నాయంటే ఇది కాకతాళీయం కాదు. అయితే అడిగినప్పుడల్లా పలికే మనిషి కూడా అక్కడ లేడు. పైగా ఆ 36 మందిలో అప్పటికే ఇందులో అనుభవం ఉన్నవాళ్లున్నారు, నార్కొలెప్సీ వల్ల తేలిగ్గా ఇలాంటి కలల్లోకి జారే మనిషి కూడా ఉన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, ప్రయోజనాల దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

ఎరుక కలిగినప్పుడు మెదడులో ఏం జరుగుతుందన్నది ఇంకా తేలలేదు. మామూలు రెమ్ నిద్రలో నుదుటి వెనకున్న భాగాలు కొన్ని మందగించి ఉంటాయి. కలలో చనిపోయినవాళ్లు వచ్చి పలకరించినా, పరీక్ష హాల్లో చెప్పులు లేకుండా కూర్చున్నా మనకు వింతగా అనిపించకపోవడానికి అదొక కారణమని అంటారు. ఎరుక వస్తే ఆ భాగాలు కొంత మేలుకుంటాయని చూపించే స్కాన్లు ఉన్నాయి కానీ, అవి ఒకరిద్దరి మీద చేసినవి. ఉర్సులా ఫాస్ బృందం 2009లో ముందు మెదడులో 40 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 40 సార్లు ఊగే తరంగాల్లో, చురుకు పెరిగిందని చూపించి, ఇది నిద్రకూ మెలకువకూ మధ్యనున్న మిశ్రమ స్థితి అంది. ఈ మాట బాగా ప్రచారమైంది. తర్వాత కొందరు దాన్ని ప్రశ్నించారు. కనుగుడ్డు కదిలిన ప్రతిసారీ దాని కండరాలు కూడా అదే చోట అలాంటి విద్యుత్ జాడనే వదులుతాయని, మెదడు తరంగం అనుకున్నది అదే అయి ఉండొచ్చని గుర్తు చేశారు. 2022లో బేర్డ్, లాబెర్జ్, జూలియో టొనొనీ తమ రికార్డింగులు చూసి, ఇది మిశ్రమమేమీ కాదు, బాగా చురుకైన రెమ్ నిద్రేనని తేల్చారు. ఏది ఏమైనా నిద్రలోనే జరుగుతోందన్న విషయంలో ఇప్పుడు తగాదా లేదు.

మేలు సంగతి

నిజమే అని తేలడంతో ఒక తప్పు లెక్క కూడా మొదలైంది. 'శాస్త్రం రుజువు చేసింది' అన్న మాటను మేలు గురించిన ప్రతి మాటకూ తోకగా తగిలించడం. భయం పోతుంది, నైపుణ్యం పెరుగుతుంది, సృజన వికసిస్తుంది, జీవితం మారుతుంది అంటూ చెప్పుకుపోవడం. రుజువైంది ఉనికి మాత్రమే. మేలు గురించి రుజువు కావాలంటే వేరే ప్రయోగాలు కావాలి. అవి తక్కువ, చిన్నవి.

అన్నిటిలోకి ఆశ కలిగించేది పీడకలల సంగతి. వారానికి మూడు నాలుగు సార్లు ఒకే కల వస్తుంది. ఎవరో తరుముతుంటారు, తలుపు గడియ పడదు, అరుద్దామంటే గొంతు పెగలదు. చెమటలు పట్టి లేచి కూర్చున్నాక మళ్లీ కన్ను మూయాలంటే భయం. కొన్నాళ్లకు పడక చూస్తేనే టెన్షన్ మొదలవుతుంది. పెద్దవాళ్లలో సుమారు 4 శాతం మందికి ఇలా బాధపెట్టే పీడకలలు ఉంటాయని అంచనా. వీళ్లలో ఎవరికైనా ఆ తలుపు దగ్గర నిలబడి ఉండగా 'ఇది కల, వాడు నన్నేం చేయలేడు' అని తట్టిందనుకుందాం. వెనక్కి తిరిగి ఎవరు నువ్వు అని అడగొచ్చు. అడిగినవాళ్లు ఉన్నారు. తరిమేవాడి మొహం మారిపోయిందనీ, చిన్నగా అయిపోయాడనీ, ఏమీ అనకుండా వెళ్లిపోయాడనీ చెబుతారు. ఆ తర్వాత ఆ కల మళ్లీ రాలేదని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఈ మాటలను కొట్టిపారేయడం తప్పు. ఏళ్ల తరబడి రాత్రంటే భయపడినవాళ్లకు అది చిన్న విషయం కాదు.

కానీ ప్రయోగం చెప్పిన సంగతి ఇంకాస్త ఆసక్తిగా ఉంది. 2006లో విక్టర్ స్పోర్‌మాకర్, యాన్ వాన్ డెన్ బౌట్ 23 మంది పీడకలల బాధితులతో ఒక చిన్న పరీక్ష చేశారు. కొందరికి లూసిడ్ డ్రీమింగ్ చికిత్స ఇచ్చారు, కొందరిని వెయిటింగ్ లిస్టులో ఉంచారు. చికిత్స పొందినవాళ్లకు పీడకలలు తగ్గాయి. అయితే తగ్గడానికి కలలో ఎరుక రావలసిన అవసరం లేకపోయింది. ఒక్కసారి కూడా కల అని తెలియనివాళ్లకు కూడా మేలు కనిపించింది.

దీని అర్థం ఏమిటి? ఆ చికిత్సలో మూడు పనులున్నాయి. పీడకలను మెలకువలో ధైర్యంగా గుర్తు చేసుకోవడం, దానికి వేరే ముగింపు ఆలోచించుకోవడం, కలలో ఉన్నప్పుడు గుర్తుపట్టడం సాధన చేయడం. మొదటి రెండూ పగలే జరుగుతాయి. కల తన చేతిలో ఉందన్న నమ్మకం కూడా పగలే పుడుతుంది. మందు ఆ రెండిటిలోనే ఉండి, ఎరుక కేవలం తోడుగా వచ్చి ఉండొచ్చు. నిజానికి ఆ రెండు పనులనే తీసుకుని చేసే చికిత్స ఎప్పటి నుంచో ఉంది. పీడకలను రాసి, ముగింపు మార్చి, కొత్త కథను రోజూ పగలు కొన్ని నిమిషాలు మనసులో తిప్పుకోవడం. దాన్ని ఇమేజరీ రిహార్సల్ థెరపీ అంటారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2018లో పీడకలల చికిత్సలను పరిశీలించినప్పుడు ఇమేజరీ రిహార్సల్‌ను సిఫారసు చేసింది. లూసిడ్ డ్రీమింగ్ చికిత్సను మాత్రం 'వాడి చూడవచ్చు' అన్న జాబితాలో పెట్టింది. ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడా సరైనదే అనిపిస్తుంది. పీడకలలతో బాధపడేవారు ముందు పగటి చికిత్స దగ్గరికి వెళ్లాలి. దానికి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు, కలలో ఏదో సాధించాలన్న ఒత్తిడి ఉండదు.

నైపుణ్యాల సంగతి త్వరగా చెప్పేయొచ్చు. నాణేన్ని దూరంలో ఉన్న కప్పులో వేయడం కలలో సాధన చేసినవాళ్లు పొద్దున్న కొంత మెరుగయ్యారని 2010లో డానియెల్ ఎర్లాకర్, మైఖేల్ ష్రెడ్ల్ చూపించారు. వేళ్లతో వరుసగా తట్టే పరీక్షలో కూడా అలాంటి ఫలితమే వచ్చింది. డార్ట్‌లు విసిరే పరీక్షలో కలలో ఏ ఆటంకం లేకుండా సాధన చేయగలిగినవాళ్లే బాగుపడ్డారు, కల దృష్టి మళ్లించినవాళ్లకు లాభం లేదు. మంచం మీద మెలకువగా పడుకుని మనసులో సాధన చేసినా చేయి మెరుగవుతుందన్నది క్రీడాకారులకు ఎప్పటి నుంచో తెలుసు. దాన్ని మించిన లాభం కలలో ఉందని గట్టిగా చెప్పే ఆధారం లేదు. ఇంకో చిన్న విషయం. కలలో 10 వరకు లెక్కపెట్టడానికి మెలకువలో పట్టినంత సమయమే పడుతుందని లాబెర్జ్ చూపించాడు. కానీ గుంజీళ్ల లాంటి కదలికలకు కలలో ఎక్కువ సమయం పట్టింది. ఒక్క రాత్రిలో ఏడాది సాధన చేసేయవచ్చన్న ప్రచారం దీంతోనే కూలిపోతుంది.

సృజన, ఆత్మవిశ్వాసం, మానసిక ఆరోగ్యం గురించి వినిపించే మాటలు ఎక్కువగా జనాన్ని ప్రశ్నలు అడిగి రాయించుకున్న జవాబుల మీద ఆధారపడినవి. ఎరుక కలలు ఎక్కువగా వచ్చేవాళ్లు ఫలానా విషయంలో మెరుగ్గా ఉన్నారంటే, కలల వల్ల మెరుగయ్యారా, మెరుగ్గా ఉన్నందువల్ల కలలు వచ్చాయా అన్నది ఆ లెక్కల్లోంచి తేలదు.

ఎవరి కల, ఎవరి నిద్ర

ఈ చర్చలో తరచుగా పక్కకు పోయే ప్రశ్న ఒకటుంది. ఈ మేలు ఎవరికి కనిపించింది, దాన్ని ఎవరికి చెబుతున్నారు?

యాభై ఏళ్ల పరిశోధనలను కలిపి 2016లో వేసిన లెక్క ప్రకారం సుమారు 55 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఎరుక కల వచ్చింది. నెలకోసారైనా వచ్చేవాళ్లు సుమారు 23 శాతం. వారానికి చాలాసార్లు వచ్చి, ల్యాబులో వైర్ల మధ్య పడుకుని కూడా అడిగినప్పుడు కళ్లతో సంకేతం ఇవ్వగలిగేవాళ్లు చాలా అరుదు. ల్యాబు ప్రయోగాల్లో చాలా భాగం ఆ అరుదైన మనుషుల మీద నడిచినవే. వాళ్లకు ఈ కలలు వాటంతట అవే వస్తాయి. అలా వచ్చే కల వల్ల నిద్ర పాడవుతుందనడానికి ఆధారం పెద్దగా లేదు. ఎరుక కలలు ఎక్కువగా వచ్చేవాళ్లకు నిద్ర సరిగా ఉండదని మొదట కనిపించినా, పీడకలలను లెక్కలోంచి తీసేస్తే ఆ సంబంధం పోయిందని 2018 నాటి ఒక అధ్యయనం చెప్పింది.

మిగతావాళ్లకు చెప్పే దారి వేరు. రాత్రి నిద్రపోయి సుమారు ఐదు గంటల తర్వాత అలారం పెట్టుకుని లేవాలి. కాసేపు మేలుకుని ఉండి, ఇప్పుడే కన్న కలను గుర్తు చేసుకుంటూ 'ఈసారి కల వస్తే కల అని గుర్తుపడతాను' అని మనసులో అనుకుంటూ మళ్లీ పడుకోవాలి. లాబెర్జ్ రూపొందించిన, మైల్డ్ (MILD) అని పిలిచే ఈ పద్ధతే ఉన్నవాటిలో బాగా పరీక్షకు నిలిచింది. దీనికి తోడు పగలు అప్పుడప్పుడూ ఆగి 'ఇది కలా?' అని పరీక్షించుకోమంటారు. గోడ మీద అక్షరాలు చదివి, చూపు తిప్పి మళ్లీ చదవడం, కలలో అయితే అక్షరాలు మారిపోతాయి కాబట్టి. ముక్కు మూసుకుని ఊపిరి పీల్చి చూడటం, కలలో అయితే ఊపిరి ఆడుతూనే ఉంటుంది కాబట్టి.

ఇవి పనిచేస్తాయా? అప్పటిదాకా వచ్చిన 35 అధ్యయనాలను 2012లో సమీక్షించినప్పుడు, ఏ పద్ధతీ నమ్మకంగా, ప్రతిసారీ పనిచేస్తుందని తేలలేదు. ఆస్ట్రేలియాలో డెన్‌హోమ్ ఆస్పీ 2017లో ప్రచురించిన పరీక్షలో పద్ధతులను కలిపి వాడినవాళ్లకు సుమారు 17 శాతం రాత్రుల్లో ఎరుక కల వచ్చింది. సాధన ముగించి ఐదు నిమిషాల్లో నిద్రపోయినవాళ్లకు అది దాదాపు 46 శాతం. ఈ రెండో అంకెనే అందరూ చెబుతుంటారు. అది చెప్పేదేమిటంటే, తెల్లవారుజామున లేచి, మనసు పెట్టి ఆలోచించి, ఐదు నిమిషాల్లో మళ్లీ గాఢంగా నిద్రపోగలిగినవాళ్లకు ఇది పనిచేస్తుంది. అసలే నిద్ర పట్టక బాధపడేవాళ్లకు, పీడకలల భయంతో పడుకునేవాళ్లకు ఆ ఐదు నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? మేలు ఎక్కువ అవసరమైనవాళ్లే ఈ పద్ధతికి అందరికన్నా తక్కువ సరిపోతారు. వాదనలో అసలు బాధ పెట్టే విషయం ఇదే.

మందు దారి కూడా ఉంది. మతిమరుపు వ్యాధి అల్జీమర్స్‌కు వాడే గాలంటమీన్‌ను 121 మందికి ఇచ్చి చేసిన 2018 పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న రాత్రి 14 శాతం మందికి, 4 మిల్లీగ్రాములు వేసుకున్న రాత్రి 27 శాతం మందికి, 8 మిల్లీగ్రాములకు 42 శాతం మందికి ఎరుక కలలు వచ్చాయి. ఫలితం బలమైనదే. అయితే అది కూడా మధ్యలో లేచి సాధన చేసిన రాత్రుల లెక్క. పైగా పాల్గొన్నవాళ్లు ముందు నుంచే కలల మీద ఆసక్తి ఉన్నవాళ్లు. వికారం, వాంతుల లాంటి ఇబ్బందులు ఉన్న, గుండె వేగాన్ని తగ్గించగల మందును కలల సరదా కోసం వైద్యుడు లేకుండా మింగడం తెలివైన పని కాదు.

నష్టం గురించి మాట్లాడే పరిశోధకుల మాట కూడా వినాలి. ఇజ్రాయెల్‌లో నిరిత్ సోఫర్ డూడెక్ బృందం 2018లో ఒక తేడా చూపించింది. ఎరుక కలలు రావడం ఒక్కటే మానసిక ఇబ్బందులతో ముడిపడి లేదు. కానీ వాటిని రప్పించుకోవడానికి పనిగట్టుకుని పద్ధతులు వాడినవాళ్లలో రెండు నెలల్లో, తన నుంచి తాను విడిపోయినట్టు, చుట్టూ ఉన్నది నిజం కానట్టు అనిపించే లక్షణాలు కొంత పెరిగాయి. రోజంతా 'ఇది నిజమా, కలా' అని అడుగుతూ తిరిగే మనిషికి ఆ ప్రశ్న అలవాటైపోవడంలో ఆశ్చర్యం లేదు. చాలామందికి దీనివల్ల ఏమీ కాకపోవచ్చు. నిజానికీ భ్రమకూ మధ్య గీత ముందే చెరిగి ఉన్నవాళ్లకు, సైకోసిస్ లక్షణాలు ఉన్నవాళ్లకు మాత్రం ఇది ఆడుకునే వస్తువు కాదు.

నేరుగా మెలకువ నుంచే కలలోకి వెళ్లాలని ప్రయత్నించేవాళ్లకు ఎదురయ్యేది ఇంకొకటి. మనసు మేలుకుని ఉండగానే ఒళ్లు బిగుసుకుపోవడం. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, గదిలో ఎవరో నిలబడినట్టు అనిపించే స్లీప్ పెరాలసిస్. నిమిషం రెండు నిమిషాల్లో దానంతట అదే విడిపోతుంది, ప్రమాదం లేదు. ఆ సంగతి ముందే తెలియనివాళ్లు మాత్రం హడలిపోతారు.

ఇక రోజూ అందరూ పట్టించుకోకుండా వదిలేసే ఖర్చు ఒకటి ఉంది, అది నిద్ర. రెమ్ నిద్ర రాత్రంతా సమానంగా పరచుకుని ఉండదు. మొదటి విడత కొన్ని నిమిషాలే. తెల్లవారేకొద్దీ విడతలు పొడుగవుతాయి, చివరివి అరగంట దాటొచ్చు. ఎరుక కలలు ఎక్కువగా వచ్చేది కూడా అప్పుడే. అర్ధరాత్రి దాకా మేలుకుని, ఆరింటికే లేచి ఉరుకులు పెట్టేవాళ్లు రోజూ పోగొట్టుకునేది సరిగ్గా ఆ చివరి గంటనే. అలాంటివాళ్లు ఐదు గంటలకే అలారం పెట్టుకుని మైల్డ్ సాధన చేస్తే, ఉన్న కొద్దిపాటి నిద్రలోంచే ఇంకాస్త పోతుంది. కుతూహలం ఉన్నవాళ్లు మొదట చేయదగ్గది వారం రోజుల పాటు వేళకు పడుకోవడం, తెల్లవారుజామున కల తెగకుండా వదిలేయడం, లేవగానే ఒళ్లు కదపకుండా గుర్తున్నంత వరకు రాసుకోవడం. పదే పదే వచ్చే ఊరు, మనిషి, తలుపు ఏమిటో ఆ పేజీల్లోనే కనబడతాయి. కలలో కల అని గుర్తుపట్టేవాళ్లలో చాలామందికి మొదట అనుమానం వచ్చేది అలాంటి ఒక తలుపు దగ్గరే.